చారి గారి చక్రాలు, పెట్టెల్లో వచ్చిన చక్రాలు

పీఈటీలుగా, అంటే స్కూళ్లలో ఆటల టీచర్లుగా, కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేసి నన్నడిగే ప్రశ్నల్లో ఆటల గురించినవి తక్కువ, వస్తువుల గురించినవి ఎక్కువ. ఏ బంతి కొనాలి, ఏ నెట్టు ఆగుతుంది, ఆన్‌లైన్లో తెప్పించవచ్చా, ఇక్కడే చేయించుకోవాలా. మొదట్లో నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది. ఇన్నేళ్లు పిల్లల్ని ఆడించిన మనిషిని కొట్టు గుమస్తాను అడిగినట్టు అడుగుతున్నారేమిటని. తర్వాత ఆలోచిస్తే వాళ్లు అడిగేదే సరైన ప్రశ్న అనిపించింది. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పులు గ్రౌండులో చేసినవి కావు. కొనేటప్పుడు చేసినవి, బిగించేటప్పుడు చేసినవి.

అందులో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఒంటిచక్రం సైకిళ్ల సంగతి. ఈ ఉద్యోగంలో ఎక్కువ నేర్పింది నాకు ఏ ట్రైనింగూ కాదు, కాలవ గట్టున వెల్డింగు షాపు పెట్టుకున్న ఒక పెద్దమనిషి.

నీళ్లు నిలిచే గ్రౌండు

చివరి పద్నాలుగేళ్లు నేను నిడదవోలు పక్కన ఒక ఎయిడెడ్ బాలికల హైస్కూల్లో పనిచేశాను. స్కూలుకు మంచి గ్రౌండే ఉంది. చుట్టూ వరిచేలు. కాలవలకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాయంటే చేల ఊటంతా గ్రౌండులోకే దిగేది. దసరా దాటేదాకా కబడ్డీ కోర్టులో కప్పలే ఆడుకునేవి. మాకు మిగిలేది ప్రేయరు జరిగే సిమెంటు గచ్చు ఒక్కటే. దానిమీద నలభై మంది ఆడపిల్లల్ని ఏం ఆడించను? తాడాట, రింగాట, మళ్లీ తాడాట. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సగంమంది "కడుపునొప్పి మేడం" అని వరండాలో కూర్చునేవాళ్లు. వాళ్లను నేను తప్పుపట్టలేదు. నాకే విసుగ్గా ఉండేది.

ఒకరోజు వాలీబాల్ పోల్ అడుగున తుప్పుపట్టి విరిగితే అతికించటానికి కాలవ గట్టున సూర్యాచారి గారి వెల్డింగు షాపుకు పట్టుకెళ్లాను. కిటికీ ఊచలు, ఇంటి గేట్లు, ట్రాక్టరు తొట్లు, ఆయన చేసేది ఆ పని. గోడకు ఒక చక్రం, దానిపైన ఒక సీటు వేలాడుతూ కనిపించాయి.

"ఇదేంటండి చారి గారూ, సగం సైకిలు?" అన్నాను.

"సగం కాదమ్మా. అదే మొత్తం," అన్నారాయన.

చారి గారు చిన్నతనంలో తొమ్మిదేళ్లు ఒక సర్కస్ కంపెనీతో తిరిగారట. రింగులోకి వెళ్లేది వేరేవాళ్లు. వాళ్ల సైకిళ్లు బాగుచేయటం ఈయన పని. బాగుచేసింది తొక్కి చూడకుండా ఇవ్వకూడదు గనక తొక్కటం కూడా వచ్చింది. కంపెనీ మూతపడ్డాక ఊరొచ్చి షాపు పెట్టుకున్నారు.

"ఇప్పటికీ తొక్కగలరా?" అన్నాను.

ఆయన చక్రం దించి, గుడ్డతో దుమ్ము తుడిచి, లుంగీ పైకి కట్టి ఎక్కారు. అప్పటికే యాభై ఎనిమిదేళ్ల మనిషి. కాలవ గట్టు మీది సిమెంటు రోడ్డు మీద లాకుల దాకా వెళ్లి తిరిగొచ్చారు. చేతులు కొద్దిగా పక్కలకు చాపటం తప్ప శరీరంలో కంగారేమీ లేదు. వచ్చి నా ముందు ఆగారు. దిగలేదు. ఉన్నచోటే జానెడు ముందుకు, జానెడు వెనక్కు ఊగుతూ, "పోల్ ఎప్పటికి కావాలమ్మా?" అని అడిగారు.

పోల్ సంగతి నేను మరిచేపోయాను. దీనికి గ్రౌండు అక్కర్లేదు, గచ్చు చాలు అన్న ఒక్క ఆలోచనే నా బుర్రలో ఉంది.

కాలు కొలిచి చేసే సైకిలు

మొదట ఒకటి చేయించాను, తర్వాత మరొకటి. రెండేళ్లలో ఆరయ్యాయి. బజార్లో దొరకని వస్తువు ఒక మనిషి చేతిలో తయారవటం అప్పుడే దగ్గర్నించి చూశాను.

ఆయనకు ముందు కావలసింది ఇనుము కాదు, పిల్ల కాలి పొడవు. "పెడలు కిందికెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలమ్మా. నిటారైతే పడిపోద్ది, ఎక్కువ వంగితే తొక్కలేదు," అనేవారు. ఆడపిల్లలు గనక కొలత తాను తీసేవారు కాదు. దూరంగా నిలబడి, ఎక్కడనుంచి ఎక్కడిదాకా కొలవాలో తన కాలిమీద చూపించేవారు. నేను కొలిచి చెబితే సుద్దముక్కతో రేకుమీద రాసుకునేవారు.

మామూలు సైకిల్లో కాళ్లు ఆపినా చక్రం తిరుగుతుంది. ఇందులో కాళ్లూ చక్రమూ ఒకటే. తొక్కితేనే కదులుతుంది, ఆపితే ఆగుతుంది. గొలుసు ఉండదు, బ్రేకు ఉండదు. పెడళ్లు తగిలించే క్రాంకులు నేరుగా చక్రం ఇరుసుకే బిగించి ఉంటాయి. అందుకే వాటిని పట్టి ఉంచే కాటరు పిన్నులే దీనికి ప్రాణం. ముందుకోసారి, వెనక్కోసారి లాగుడు పడి అవి వదులైపోతాయి. చారి గారు ఒక్కో పిన్నునూ చేత్తో ఆకురాయి పట్టి అరగదీసేవారు. దీపపు మసి పూసి దూర్చి, బయటికి లాగి, మసి ఎక్కడ చెరిగిందో చూసి, చెరగని చోటు వదిలి చెరిగిన చోట మళ్లీ అరగదీసేవారు. ఒక్క పిన్నుకు ఒక పూట పట్టిన రోజులున్నాయి. అంతా అయ్యాక తనే ఎక్కి లాకుల దాకా వెళ్లొచ్చి, మళ్లీ పానా వేసి చూసి, అప్పుడు ఇచ్చేవారు.

ఆయన పనిలో లోపాలు లేవని కాదు. ఆయన సైకిలు బరువు. సీటు గట్టి, పిల్లలు దానిమీద తువ్వాలు మడిచి వేసుకునేవాళ్లు. రంగు చుక్కలు టైరుమీద పడేవి. "రేపిస్తానమ్మా" అంటే అది మూడు వారాల మాట. నాకు కోపం వచ్చేది. ఆ కోపం తర్వాత ఎటు దారితీసిందో చెబుతాను.

పిల్లలు వరండా గ్రిల్లు పట్టుకుని మొదలుపెట్టారు. పది గజాలు పోవటానికి మూడు వారాలు పట్టింది. గ్రిల్లు వదిలేసి గచ్చు మొత్తం దాటిన మొదటి పిల్ల హేమలత. అప్పుడు ఏడో తరగతి. హాజరు పిలిస్తే కూడా వినపడీ వినపడనట్టు పలికే పిల్ల. ఆ రోజు గచ్చు అవతలి చివర దిగి వెనక్కి తిరిగి, "మేడం, చూశారా," అని ఇవతలిదాకా వినపడేలా అరిచింది. ఆ గొంతు ఆ పిల్లకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కడుపునొప్పి పిల్లలు వరండా వదిలి రావటం ఆ వారం నుంచే మొదలైంది.

హేమ తండ్రి పోసిబాబు గారు కౌలు రైతు. ఒకసారి స్కూలుకు వచ్చి కాసేపు నిలబడి చూసి, "ఇదేం చదువండీ," అని నవ్వి వెళ్లిపోయారు. వద్దని మాత్రం అనలేదు.

పెట్టెలు

స్కూలు నడిపే మా కరస్పాండెంటు గారిది తునిలో తమలపాకుల వ్యాపారం చేసి పైకొచ్చిన కుటుంబం. లెక్క గట్టి, మాట సూటి, మనిషి చెడ్డవాడు కాదు. యాభైమంది పిల్లలు నేర్చుకుంటామంటుంటే ఆరు సైకిళ్లు చాలవని నేనే ఆయన్ను అడిగాను. ఆయన వారం తర్వాత నన్ను పిలిచి ఫోన్ చూపించారు.

"చూడండి మేడం. బయటిదేశం సరుకు. మీ చారి గారిది ఒకటి చేయించే ఖర్చుకు ఇవి మూడొస్తున్నాయి. వారంలో ఇంటికే వచ్చేస్తాయంట. రంగులు కూడా బాగున్నాయి."

ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆయన బలవంతం చేయలేదు. నేను కాదనలేదు. నాక్కూడా అవి నచ్చాయి. తేలిక, మెత్తటి సీటు, ఎరుపు నీలం రంగులు. పైగా "రేపిస్తానమ్మా" వినీ వినీ విసిగి ఉన్నాను. సరే తెప్పించండి అన్నాను.

పన్నెండు పెట్టెలు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం ఫోన్లో వీడియో పెట్టుకుని నేనే బిగించాను. క్రాంకుల చివర ఇంగ్లీషులో ఎడమకొక అక్షరం, కుడికొక అక్షరం కొట్టి ఉన్నాయి. అక్షరం చూసి పెడళ్లు బిగించాను. చక్రాన్ని ఫోర్కులో పెట్టేటప్పుడు మాత్రం చేతికి ఎలా వస్తే అలా పెట్టేశాను. గుండ్రటి చక్రానికి ముందేమిటి, వెనకేమిటి అనుకున్నాను.

చారి గారిని పిలిస్తే ఒక గంటలో చూసి ఉండేవారు. పిలవలేదు. ఆయన్ను కాదని వేరేచోట కొన్నాక మళ్లీ ఆయన్నే సాయం అడగటానికి మొహం చెల్లలేదు. అసలు ఆయన కంటపడటానికే ఇష్టంలేక, రెండు నెలలు కాలవ గట్టు మానేసి రైల్వే గేటు మీదుగా చుట్టు తిరిగి స్కూలుకు వెళ్లాను. కొత్తగా చేరిన మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. నాకు తెలియదు అనటంలో ఇబ్బంది లేదు. తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లటానికి సిగ్గుపడటంలోనే ఉంది ప్రమాదమంతా.

హేమ పడిన రోజు

రెండు నెలలు బాగానే నడిచింది. పిల్లలు కొత్తవాటికోసం పోటీపడేవాళ్లు. హేమ తొమ్మిదికి వచ్చింది. ఎరుపుదాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు.

ఆ రోజు మూడో పీరియడ్. హేమ గచ్చు మధ్యలో ఉంది. ఎడమ కాలి కింద పెడలు ఉన్నట్టుండి ఊడిపోయింది. కాలు గాల్లోకి జారింది, పిల్ల ముందుకు పడింది. చెయ్యి నేలకు ఆనించింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. మణికట్టు దగ్గర చెయ్యి వంకరపోయింది. పిల్ల ఏడవలేదు. "మేడం, పెడలు ఊడింది, నేను పడెయ్యలేదు," అంది. నేనేమన్నా అంటానని ముందుగా సంజాయిషీ చెప్పుకుంటోంది. అది విని నేను ఏడ్చాను.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఎముక విరిగింది. కట్టువేశారు. పోసిబాబు గారు పొలం నుంచి బురద కాళ్లతోనే వచ్చారు. కూతురి చెయ్యి చూశారు, నావైపు చూశారు.

స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే మాట. చవక సరుకు, అంతకంటే ఏమొస్తుంది. నేనూ ఆ మాటే అన్నాను. అంటుంటే నాకు హాయిగా కూడా ఉంది.

ఊడిన పెడలూ, సైకిలూ పట్టుకుని మర్నాడు పొద్దున్నే చారి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఇన్నాళ్లూ రాలేదేమని అడగలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నారు. చక్రం తిప్పారు, క్రాంకుల చివర చూశారు, వేలితో మర తడిమి చూశారు.

"ఇది ఎవరు బిగించారమ్మా?"

"నేనే."

ఆయన మళ్లీ చక్రం తిప్పి చూపించారు. "దీని తప్పేం లేదమ్మా. చక్రం తిరగబడింది. ఎడమ క్రాంకు కుడికొచ్చింది, కుడిది ఎడమకెళ్లింది. ఎడమ పెడలుకు మర అటు తిరిగి ఉంటది, కుడిదానికి ఇటు. సరిగ్గా ఉంటే తొక్కేకొద్దీ బిగుసుకుంటాయి. తిరగబడితే తొక్కేకొద్దీ వదులవుతాయి. రెండు నెలలు ఆగిందంటే మీరు గట్టిగానే బిగించారు."

ఆ చివరి మాట ఆయన నన్ను ఓదార్చటానికి అన్నారని నాకు తెలుసు. మిగతావి కూడా చూద్దామని ఆయన నాతో స్కూలుకొచ్చారు. పన్నెండింటిలో అయిదు తిరగేసి ఉన్నాయి.

ఉన్నమాట

ఆ మధ్యాహ్నమే కరస్పాండెంటు గారి గదిలో మీటింగు. హెడ్మాస్టరు గారు, పోసిబాబు గారు, నేను. సైకిలు ఎలా ఉందో చెప్పటానికి చారి గారిని కూడా పిలిచారు.

గదిలోకి వెళ్లేముందు వరండాలో ఆయన నన్ను ఆపారు. "అమ్మా, నన్నడిగితే ఉన్నమాటే చెబుతానండి. లేనిది చెప్పలేను. కానీ నాకంటే ముందు మీరు చెబితే బాగుంటది."

ఒక్కసారి ఆలోచించండి. ఆయన ఆర్డర్లు పోగొట్టింది ఆ పెట్టెలు. 'చెత్త సరుకండి' అని ఒక్క మాట అంటే మళ్లీ పనంతా ఆయన చేతికే వచ్చేది. ఆ గదిలో అందరూ వినాలనుకుంటున్నది కూడా అదే. నేను కూడా అదే వినాలనుకుని పొద్దున ఆయన షాపుకు వెళ్లాను.

కరస్పాండెంటు గారు "చెప్పండి చారి గారూ" అనగానే నేను లేచాను. చక్రాలు బిగించింది నేను, తిరగేసి బిగించింది నేను, పెడలు ఊడటానికి కారణం అదే, సరుకు కాదు అని చెప్పాను. పోసిబాబు గారి వైపు తిరిగి, "మీ అమ్మాయి చెయ్యి నావల్ల విరిగిందండి," అన్నాను.

పోసిబాబు గారు తువ్వాలు భుజాన వేసుకున్నారు. "మా అమ్మాయి ఇంక ఎక్కదండి," అని లేచి వెళ్లిపోయారు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఇంతకంటే తేలికగా ఉండేది.

కరస్పాండెంటు గారు చారి గారిని అడిగారు. "అయితే సరుకు మంచిదే అంటారా?"

"ఆ మాట నేననలేదండి. ఈ పిల్ల పడింది బిగింపు తప్పు వల్ల. అంతవరకే చెప్పగలను. క్రాంకు ఇనుము మెత్తగా ఉంది. ఎన్నాళ్లు ఆగుద్దో వాడితే గాని తెలవదు. ఊహించి చెప్పటం నాకు రాదండి."

కరస్పాండెంటు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చేత్తో పట్టుకుని చూడకుండా ఆకు కట్ట కొననండి నేను. ఇవి ఫోటో చూసి కొన్నాను," అన్నారు. తర్వాత నాతో, "మీరు చేసింది చిన్న తప్పు కాదు మేడం. కానీ చెప్పారు. ఇకమీదట ఏ వస్తువు వచ్చినా చారి గారు చూశాకే పిల్లల చేతికివ్వండి," అన్నారు. నేను పనిచేసిన పెద్దల్లో ఎక్కువ కేకలు వేసింది ఈయనే. ఎక్కువ న్యాయంగా ఉన్నదీ ఈయనే.

ఏవి ఆగాయి

చారి గారు ఆ పన్నెండూ విప్పి సరిగ్గా బిగించారు. తన సరుకు కాదు గదా అని ఏ ఒక్కదాన్నీ పైపైన చూసి వదల్లేదు. ఎడమ ఫోర్కు మీదా, ఎడమ క్రాంకు మీదా పసుపు రంగు చుక్కలు పెట్టారు, ఇక ఎవరూ నాలాగా పొరపడకుండా.

ఏడాది వాడాం. ఆయన అనుమానమే నిజమైంది. క్రాంకును ఇరుసుకు బిగించే చదరపు బొక్క అరిగి గుండ్రమైపోయింది. ఒకసారి అరిగితే ఎంత బిగించినా కదులుతూనే ఉంటుంది. రెండింటికి సీటు కింద ప్లాస్టిక్ పగిలింది. విడిభాగాలు కావాలని అమ్మినవాళ్లకు రాస్తే ఆ మోడలు ఆపేశామన్నారు. తొమ్మిది మూలకు చేరాయి. మూడు మాత్రం నేను రిటైరయ్యేదాకా తిరిగాయి. చిన్నపిల్లలు మొదట నేర్చుకోవటానికి అవే బాగుండేవి, తేలిక గనక. ఆ మాట కూడా చెప్పకపోతే నేను చారి గారి శిష్యురాలిని కాను.

చారి గారి ఆరూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవి విరగవని కాదు. ఒకదాని ఇరుసు విరిగింది. మరోదానికి చక్రం పుల్లలన్నీ మార్చారు. విరిగిన ప్రతిసారీ చేసిన మనిషి నడిచివెళ్లేంత దూరంలో ఉన్నాడు, ఎందుకు విరిగిందో చెప్పాడు, తర్వాతదాన్ని ఇంకొంచెం మార్చి చేశాడు. ఇరుసు విరిగాక ఆయన ఎక్కడినుంచో పాత రిక్షా ఇరుసులు ఏరుకొచ్చి వాడారు. సీటు గట్టి అన్న ఫిర్యాదుకు కొబ్బరిపీచు కుక్కి తోలు కుట్టించారు. ఫోన్ చేసి అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. డబ్బు లేకపోతే చవకదే కొనండి, తప్పులేదు. కానీ దాన్ని విప్పి చూడగలిగిన మనిషి మీ ఊళ్లో ఎవరో ముందు కనుక్కుని కొనండి. ఆ మనిషే తయారుచేసి ఇస్తానంటే మూడు వారాలు ఆగండి. ఆరు వారాలైనా ఆగండి.

పోసిబాబు గారు

హేమ కట్టుతోనే స్కూలుకొచ్చింది. సైకిలు ఎక్కకూడదని ఇంట్లో చెప్పారు గనక ఎక్కలేదు. కానీ పీరియడ్ ఉన్నప్పుడల్లా గచ్చు మీదే ఉండేది. బాగున్న చేతిని ఆరో తరగతి పిల్లలకు ఆసరాగా ఇచ్చి పక్కన నడిచేది. "కిందికి చూడొద్దు, ఎదురుగా గోడ చూడు," అని చెబుతూ ఉండేది. కూతుర్ని తీసుకెళ్లటానికి సాయంత్రం వచ్చే పోసిబాబు గారు గేటు దగ్గర ఆగి అదంతా చూసేవారు. నేను నమస్కారం పెడితే తలూపేవారు. మళ్లీ ఎప్పుడు ఎక్కనిస్తారని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనిపించింది.

కట్టు విప్పిన నెలరోజులకు, ఒక ఆదివారం పొద్దున నేను చారి గారి షాపులో ఉన్నాను. పోసిబాబు గారి మోపెడ్ వచ్చి ఆగింది. వెనక హేమ. ఆయన దిగి, నన్ను చూసి కొంచెం తటపటాయించి, చారి గారి దగ్గరికి వెళ్లారు.

"మా అమ్మాయికి ఒకటి కావాలండి. మీరు చేసిందే."

"ఎక్కనివ్వనన్నారు కదండీ," అన్నారు చారి గారు.

"అన్నానండి. ఎక్కకపోయినా అక్కడే తిరుగుతుంది, ఇంటికొచ్చి దాని గురించే చెబుతుంది. ఎలాగూ ఎక్కుద్ది, నేను చూస్తుండగా ఎక్కితే మంచిది గదా." ఆయన బల్లమీదున్న పానా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎక్కడెక్కడ బిగించాలో నాకు చూపించండి. పొలంలో ఇంజనుకు నట్లు బిగించే చెయ్యేనండి, రాకపోదు. రోజూ పొద్దున నేను చూసి పంపుతాను."

చారి గారు ఒక చక్రం దించి ఆయన ముందు పెట్టారు. ఎడమ ఏదో, కుడి ఏదో, పిన్ను ఎక్కడ ఉంటుందో, ఏది ఎటు తిప్పాలో చూపించారు. పోసిబాబు గారు మోకాళ్లమీద కూర్చుని రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించారు. హేమ ఆయన భుజం మీదుగా చూస్తోంది. నేను పక్కకు జరిగి గోడవారగా నిలబడ్డాను.

ఆయన లేచి చేతులు తుడుచుకుని, పానా నావైపు చాపారు.

"స్కూలుకొచ్చాక మీరూ ఓసారి చూడండి మేడంగారూ," అన్నారు. "ఇద్దరం చూస్తే మంచిదండి."